మేనత్త పోలిక

సూర్యాపేట నుంచి కోదాడ పోయే పల్లెవెలుగు బస్సులో కండక్టరు వసంతను ఎరగని ఆడవాళ్ళు ఆ దారిలో అరుదు. మునగాలలో కూరగాయల గంపకు చెయ్యి అందించేది ఆమే. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లలను రెక్క పట్టి లోపలికి గుంజేది ఆమే. ఎవరికైనా కళ్ళు తిరిగితే తన నీళ్ళ సీసా తీసి ఇచ్చేది కూడా ఆమే. గొంతు పెద్దది, మనసు మెత్తన. "జరగాలె, జరగాలె, ఎనక గొర్లమంద పట్టేంత జాగున్నది" అని ఆమె అరిస్తే ఎవరికీ కోపం రాదు. నవ్వుకుంటూ జరుగుతారు.

గొర్లమంద ఆమె నోట ఊరికే రాలేదు. వసంత పుట్టిల్లు మోతె. తండ్రి మైసయ్య ఇప్పటికీ నాలుగు గొర్రెలను తోలుకొని చెల్కల వెంట తిరుగుతాడు. తల్లి లింగమ్మకు ఊళ్ళో రెండు విషయాల్లో పేరున్నది. ఒకటి నోరు, రెండోది జుట్టు. అరవై దాటినా కొప్పు ముడిస్తే పిడికిట్లో పట్టదు. ఆమె తల్లిదీ అంతే, చెల్లెళ్ళవీ అంతే. పెళ్ళిళ్ళలో ఆ అక్కాచెల్లెళ్ళు వరసగా కూర్చుంటే వెనక నుంచి చూసినవాళ్ళు "ఏం తిని పెంచిన్రే గా జడలు" అని ముక్కున వేలేసుకునేవారు. లింగమ్మకు అది వినడం పాయసం తాగినంత ఇష్టం.

అటువంటి లింగమ్మ కడుపున పుట్టి వసంత జుట్టు పలచబడింది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. కూతురు క్రాంతి పుట్టినప్పుడు కొంత ఊడింది. బాలింతలకు ఊడడం మామూలే, మళ్ళీ వస్తుందన్నారు. వచ్చిందీ, రాలేదూ అన్నట్టుండగానే ఏళ్ళు గడిచాయి. నుదుటి మీది అంచు ఎక్కడిదక్కడే ఉన్నది గాని, నడినెత్తిన పాపిట మాత్రం ఏటేటా వెడల్పయింది. మొదట దారం, తర్వాత తాడు, నలభై దాటేసరికి రెండు పక్కల పొలాల మధ్య గట్టు లాగా తేలింది.

లింగమ్మకు దానికి కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, కాకపోతే ఒక్కోసారి ఒక్కో కారణం. ఓసారి షాంపూ, ఓసారి సూర్యాపేట బోరు నీళ్ళు, ఇంకోసారి బస్సులో ఎక్కే జనం దిష్టి.

"మా వంశంల ఎవలకన్న ఉన్నదానే గిట్ల? నీ నిర్లక్ష్యమే. నెత్తికి నూనె పెట్టుకొనెతందుకు గూడ తీరిక లేనంత కలెక్టరు కొలువా నీది?"

సెలవు దొరికి వసంత మోతె పోతే చాలు, ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి గుంటగలగరాకు కాచిన నూనెతో మాడు అదిరేటట్టు రుద్దేది. తిట్టు ఒక చేత్తో, నూనె ఒక చేత్తో. ఎవరో చెప్తే ఉల్లిగడ్డ రసం కూడా పట్టించింది. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వదల్లేదు. మర్నాడు బస్సులో డ్రైవరు జగదీశ్ ముక్కు ఎగబీల్చి, "వసంతక్కా, ఎవలో ఉల్లిగడ్డ బస్తాకు లగేజీ టికెట్ తియ్యలే, జర సూడరాదు" అన్నాడు. వసంత సీట్ల కింద వంగి వెతికినట్టు నటించింది. జగదీశ్‌కు ఈ రోజుకీ ఆ సంగతి తెలియదు.

చివరికి ఆమె ఒక ఉపాయం పట్టింది. ఫ్యాన్సీ షాపులో పాపిట మీద అద్దుకునే నల్ల పొడి అమ్ముతున్నారు. పొద్దున అద్దం ముందు నిలబడి స్పాంజితో అద్దుకుంటే మాడు కనిపించదు. చలికాలం బాగానే గడిచింది. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, నిలబడడానికి జాగా లేని బస్సులో చెమట నెత్తి నుంచి దిగి చెంప మీదికి నల్లటి చార గీసింది. ఎదురు సీట్లోని ముసలామె తన కొంగుతో తుడిచి, "కండ్ల కాటుక కారుతాంది బిడ్డా" అన్నది.

"అవునవ్వా, కాటుకే" అన్నది వసంత.

కాటుకైతే నెత్తి మీది నుంచి ఎందుకు కారుతుందో ఆ ముసలామె అడగలేదు. తుడిచిన కొంగును మడిచి నడుంలో దోపుకున్నది. ఆ మర్యాదకు వసంతకు కళ్ళు చెమర్చాయి. ఆ రోజు నుంచి ఆ డబ్బా ముట్టలేదు.

కండక్టరు పని నిలబడి చేసేది. కూర్చున్నవాళ్ళ ముఖాలకన్నా ముందు నడినెత్తులు కనిపిస్తాయి. ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సంతా వాళ్ళే. జీరో టికెట్లు కొడుతూ వసంత పాపిటలు చూడడం మొదలుపెట్టింది. తనకొక్కదానికే ఉన్నదనుకున్నది చాలామందికే ఉన్నది. టీచరమ్మలకు, కూలికి పోయేవాళ్ళకు, పట్టుచీర కట్టిన పెద్దింటి ఆడవాళ్ళకు కూడా. కొందరు పూలదండ అడ్డం పెట్టారు, కొందరు కొంగు. పక్కపక్కన కూర్చున్న తల్లీకూతుళ్ళకు ఒకే తీరు పాపిట చూసినప్పుడు ఆమెకు ఏదో తట్టబోయి ఆగిపోయేది. అంతలో ఎవరో "చిల్లర ఇయ్యమ్మా" అనేవారు.

క్రాంతి కోదాడలో ఫార్మసీ చదువుతున్నది. ఒక్కోనాడు సాయంత్రం తల్లి బస్సు దొరికితే అందులోనే ఇంటికి వస్తుంది. అట్లా ఒకనాడు ఎక్కి, ముందు సీట్లో కూర్చొని, ఫోన్ చూసుకుంటూ తల వంచింది. వసంత టికెట్ మిషను పట్టుకొని ఆ పక్కకే వచ్చింది. వంచిన తల మీద, పక్కకు తీసిన పాపిట వెనక, నడినెత్తిన పలచబడిన జుట్టు లోంచి తెల్లగా మాడు కనిపించింది.

అది తన తలే. ఇరవై ఏళ్ళ కిందటి తన తల.

"ఎవలన్న దిగేటోళ్ళున్నరా?" అని అడగవలసిన స్టేజీలో ఆమె అడగలేదు. జగదీశే బస్సు ఆపి వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటికి పోయాక వసంత బియ్యం కడుగుతూ, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, "నెత్తికి నూనె పెడ్తున్నవా లేదా?" అన్నది. అన్నాక తన నోట్లోంచి తల్లి గొంతు వచ్చినట్టు తోచి ఆగిపోయింది.

క్రాంతి తలుపు దగ్గర నిలబడ్డది. "సూసినవా మమ్మీ?"

"నీకు తెలుసా?"

"సంవత్సరం నుంచి తెలుసు. అందుకే పాపట పక్కకు తీస్తున్న."

"మరి నాకు చెప్పొద్దా బిడ్డా?"

"చెప్తే ఏమైతది? నా నెత్తి సూసుడు బంద్ జేసి నీ నెత్తి సూసుకొని ఏడుస్తవ్. నీ వల్లనే నాకు వచ్చిందని నువ్వే అంటవ్. నాకది ఇష్టం లేదు."

వసంత నిజంగానే అదే అనబోతున్నది. నోరు మూసుకొని, తడి చేతులతోనే కూతుర్ని దగ్గరికి తీసుకున్నది. ఆమె భర్త సైదులు మేళ్ళచెరువు నుంచి సిమెంటు లోడు తోలే లారీ డ్రైవరు. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మంలో కూర్చొని వింటూ, "మీ ఇద్దరి నెత్తులు నాకు ఎట్లున్నా ముద్దే గని, అంత రంధి ఉంటే డాక్టరు దగ్గరికి పోరాదుండ్రి. ఉల్లిగడ్డలు కూరకన్న మిగుల్తయ్" అన్నాడు. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకేసారి నవ్వారు.

కోదాడలో చర్మవ్యాధుల డాక్టరు అనురాధ క్రాంతిని వెలుతురుకు తిప్పి, చిన్న అద్దం లాంటి పరికరం పెట్టి తల అంతా చూసింది. తర్వాత అడక్కుండానే వసంతను కూడా కూర్చోబెట్టి చూసింది.

"నెలసరి సరిగా వస్తుందా పాపా? రక్తం తక్కువేమైనా ఉందా? థైరాయిడ్ పరీక్ష కూడా చేయిద్దాం. వాటివల్ల కూడా జుట్టు రాలుతుంది. కానీ తీరు చూస్తే ఇది వంశం నుంచి వచ్చేదిలాగే ఉందండీ. ముందు అంచు అలాగే ఉండి, మధ్య పాపిడి వెడల్పవుతుంది. వెంట్రుక పీకేసినట్టు ఊడిపోవడం కాదు, కుదురు చిన్నదై, వచ్చే ప్రతి వెంట్రుకా ముందటి దానికన్నా సన్నగా వస్తుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"లేదు మేడం. మా అవ్వకు ఎంత జుట్టుంటదో సూస్తే మీరే నమ్మరు. మా అమ్మమ్మకు, చిన్నమ్మలకు అందరికి గట్లనే."

"అమ్మ వైపు సరే. మీ నాన్నగారి వైపు?"

వసంతకు వింతగా తోచింది. "నాయినకు బట్టతలే మేడం. మొగోళ్ళకు మామూలే గద."

"మామూలే. కానీ దాన్ని తెచ్చే గుణం ఆడపిల్లకు కూడా దిగుతుంది. తల్లి వైపు నుంచీ రావచ్చు, తండ్రి వైపు నుంచీ రావచ్చు. ఒక్కటే జీన్ కాదు, చాలా ఉంటాయి, తలా కాస్త పని చేస్తాయి. అందుకే ఒకే ఇంట్లో ఒకరికి వస్తుంది, ఒకరికి రాదు. ఎవరికీ లేని ఇంట్లో కూడా ఒకరికి రావచ్చు."

క్రాంతి ముందుకు వంగింది. "మేడం, ఉమ్ము పంపిస్తే జీన్స్ టెస్ట్ చేసి చెప్తరని ఫోన్‌ల వస్తున్నది. చేయించుకోవాల్నా?"

"దానివల్ల ఇప్పుడు మీకు కొత్తగా తెలిసేది పెద్దగా ఏమీ ఉండదమ్మా. ఆడవాళ్ళ విషయంలో ఇంకా చాలా తేలవలసి ఉంది. నీ తల, మీ అమ్మ తల చెప్పినదే ఎక్కువ."

వసంత గొంతు సవరించుకున్నది. "అంటే, నేను నూనె పెట్టకపోవుడు, షాంపూలు, బోరు నీళ్ళు..."

"నూనె పెడితే తల చల్లగా ఉంటుంది, అమ్మ చెయ్యి తగులుతుంది. ఈ జబ్బును మాత్రం అది తేదు, ఆపదు. మీరు చేసిన తప్పు ఇందులో ఏమీ లేదండీ."

ఆ ఒక్క మాట కోసం వసంత ఇన్నేళ్ళు ఎదురుచూసిందని ఆమెకే తెలియదు. డాక్టరు మందు రాసి, ఎట్లా పెట్టుకోవాలో చెప్పింది. నెలల తరబడి ఓపిక పట్టాలన్నది. మొదట్లో ఇంకొంచెం ఊడినట్టు కనిపిస్తే బెదరవద్దన్నది. మానేస్తే మళ్ళీ మొదటికే వస్తుందన్నది. తొందరగా మొదలుపెట్టినందుకు క్రాంతికి ఎక్కువ మేలు జరగొచ్చు, మీకు ఉన్నది నిలబడితే అదే గెలుపు అని వసంతకు దాచకుండా చెప్పింది. లేచేముందు మళ్ళీ అడిగింది.

"నాన్నగారి వైపు ఆడవాళ్ళెవరూ లేరా?"

"ఒక మేనత్త ఉన్నది మేడం. మిర్యాలగూడల. ఆమె నెత్తి..." అని వసంత ఆగింది. మేనత్త గోపమ్మ తల తాను ఎన్నడూ చూడలేదు. ఎప్పుడు చూసినా నుదుటి దాకా కొంగే.

ఆ వారం ఆమె మోతె పోయింది. మైసయ్య గొర్రెలను దొడ్లో తోలి అరుగు మీద కూర్చున్నాడు. డాక్టరు చెప్పిందంతా విని, మెల్లగా తలకు చుట్టిన రుమాలు విప్పి, నున్నని నెత్తి నిమురుకున్నాడు.

"భూమియ్యకపోతి, బంగారమియ్యకపోతి. ఇచ్చి ఇచ్చి నీకు గిదిచ్చిన్నా బిడ్డా!"

"నాయినా, గట్లనకు."

లింగమ్మ లోపలి నుంచి వచ్చింది. "మొగోని బట్టతల ఆడిపిల్లకెట్ల వస్తదే? డాక్టర్లు ఏదో ఒకటి చెప్తరు."

"ఎందుకు రాదే?" అన్నాడు మైసయ్య. "మన గొర్రెలకు కొమ్ములుంటయా? ఉండయ్. మరి అవి ఈనిన పొట్టేలుకు కొమ్ములెట్ల మొలుస్తయ్? గొర్రెను కట్టిన పొట్టేలు గుణమొక్కటే గాదు, ఆ గొర్రె అయ్య కొమ్ముల గుణం గూడ అది కడుపుల దాసుకొనే ఉంటది. కనబడకపోతే లేనట్టా?" తర్వాత కాసేపు నేల చూసి, గొంతు తగ్గించాడు. "మా అక్కకు గూడ గిట్లనే. పెండ్లయిన కొన్నేండ్లకే మొదలైంది. మా అవ్వకు గూడ ఉండె. ఎవ్వలకు చెప్పొద్దని అక్క నాతోని ఒట్టేయించుకున్నది."

లింగమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది. ఆమెకు గోపమ్మ అంటే పాతకాలపు పంతం. లింగమ్మ ఈ ఇంటికి కోడలుగా వచ్చిన రోజు ఆడబిడ్డ జడలో మల్లెపూలు తురమబోతే, గోపమ్మ చెయ్యి తోసేసి పక్కకు పోయింది. అది గర్వమని లింగమ్మ అనుకున్నది. కొంగు కప్పుకోవడం పెద్దరికం చూపించడానికని ఇన్నేళ్ళూ అనుకుంటూనే ఉన్నది. పండుగకు పిలిస్తే పిలిచింది, లేకపోతే లేదు.

"నాతోనన్న చెప్పకపోతివి" అని మొగుణ్ణి ఒక్క మాట అన్నది.

తర్వాతి సెలవునాడు మిర్యాలగూడ పోదామని అన్నది లింగమ్మే. గోపమ్మ కొడుకు రైసుమిల్లులో పని చేస్తాడు. మిల్లుల వెనక కాలనీలో వాళ్ళ ఇల్లు. గాలి వీస్తే ఊక వాసన. గోపమ్మ వాకిట్లో అల్లం పొట్టు గీకుతూ కూర్చున్నది. మనుషులను చూడగానే ముందు కొంగు సర్దుకొని, తర్వాత లేచింది.

"లింగీ! నువ్వేనా? తొవ్వ మర్సిపోయి వస్తివా ఏంది?"

"తొవ్వ ఇయ్యాల్నే తెలిసింది వదినే" అన్నది లింగమ్మ. కూర్చోగానే ఊపిరి కూడా తీసుకోకుండా అడిగేసింది. "నా పెండ్లినాడు పూలు పెడ్తనంటే ఎందుకు తోసేస్తివి?"

గోపమ్మ తమ్ముని భార్య ముఖం చూసింది, వసంత ముఖం చూసింది. దాచి లాభం లేదని ఆమెకు అర్థమైపోయింది. తెలిసిపోయాక మొహంలో భయమే వస్తుందని వసంత అనుకున్నది గాని, వచ్చింది నవ్వు.

"పెట్టుకొనెతందుకు జడ యాడున్నదే? నాడు నా ఎనక ఏలాడింది సవరం. నువ్వు పూలు గుచ్చుతనని గుంజితే పందిట్ల అందరి ముంగట నీ చేతుల్లకొచ్చేది."

లింగమ్మ నవ్వబోయి ఏడ్చింది. ఏడవబోయి మళ్ళీ నవ్వింది. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు.

వసంత ఒంగి, "అత్తా, ఒక్కసారి సూడొచ్చునా?" అని అడిగింది.

గోపమ్మ వాళ్ళను ఇంట్లోకి తీసుకుపోయి తలుపు దగ్గరికి వెయ్యమన్నది. కొంగు తీసింది. నుదుటి మీద తెల్లటి వెంట్రుకలు సన్నని అంచులా ఉన్నాయి. వెనక చిన్న ముడి ఉన్నది. నడుమ మాత్రం పసిపాప తల మీద లాగా మెత్తటి నూగు. వసంత తన పిన్నులు తీసి, మేనత్త పక్కన గోడ అద్దం ముందు నిలబడ్డది. అదే అంచు, అదే తీరు. ముక్కు కూడా అదేనని ఆ రోజే గమనించింది. చిన్నప్పటి నుంచి అందరూ తల్లి పోలిక వెతికి దొరకలేదన్న ముఖంలో మేనత్త పోలిక ఎదురుగానే ఉన్నది.

"నేను ఏదో పాపం జేసిన్ననుకున్న బిడ్డా" అన్నది గోపమ్మ. "మా అవ్వది ముసలితనమనుకున్న. నాది పాపమనుకున్న. నీ మామ ఉన్నన్ని రోజులు ఒక్క మాటనలే, పాపం. నేనే ఆయన ముంగట గూడ కొంగు దియ్యలే."

"పాపం గాదత్తా, రక్తం. డాక్టరమ్మ చెప్పింది."

"నీ బిడ్డకు గూడనా?"

"ఆఁ. అది మాత్రం భయపడ్తలేదు. మందు పెట్టుకుంటున్నది."

"పెట్టుకోని. దానికన్న దాసుకునే గాచారం లేకపాయె, మంచిదైంది."

వెళ్ళే ముందు లింగమ్మ, వదినెను పీట మీద కూర్చోబెట్టి తల మీద ఇంత నూనె పెట్టి మెల్లగా నిమిరింది. మాడు అదిరేటట్టు కాదు. మెత్తటి ఆ నూగు మీద ఎంత మెత్తగా పెట్టవచ్చో అంత మెత్తగా. "దీనితోని మొలవయని డాక్టరు చెప్పిందంటనే" అన్నది గోపమ్మ కళ్ళు మూసుకొని. "మొలవకపోతే మాయె. సల్లగుంటది, ఊకో వదినే" అన్నది లింగమ్మ.

రక్తపరీక్షల్లో క్రాంతికి రక్తం కొంచెం తక్కువని తేలింది. దానికీ మాత్రలు వాడింది. మొదటి రెండు నెలల్లో దువ్వెన నిండా వెంట్రుకలు వస్తే వసంత కంగారుపడ్డది. క్రాంతి మాత్రం డాక్టరు చెప్పింది గుర్తుచేసి, దువ్వెన లాక్కొని తానే దువ్వుకున్నది. వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి ఊడడం తగ్గింది. పాపిట పక్కన పొట్టి పొట్టి వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వసంతకు అంత రాలేదు. ఉన్నది ఉన్నట్టు నిలిచింది. ఆమెకు అది చాలు. డ్యూటీకి పోయేటప్పుడు ఇప్పుడు అద్దం ముందు నిలబడేది బొట్టు పెట్టుకోవడానికే. లింగమ్మ కారణాలు వెతకడం మానింది. ఎవరైనా వసంత జుట్టు సంగతి ఎత్తితే, "మా వదినె పోలిక. పనిమంతురాలి పోలిక వచ్చింది, ఇంకేం గావాలె?" అని తగవుకు వస్తున్నది.

ఈ మధ్య వసంతకూ జగదీశ్‌కూ మిర్యాలగూడ రూటు పడ్డది. మధ్యాహ్నం బస్సు అక్కడ కొంతసేపు ఆగుతుంది. గోపమ్మ మనవడి బండెక్కి బస్టాండుకు వచ్చి, సిమెంటు బెంచీ మీద టిఫిన్ డబ్బాలు విప్పుతుంది. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, ఒక్కోనాడు ఎండు చేపల కూర. జగదీశ్‌కు కూడా ఒక గిన్నె పక్కన పెడుతుంది.

"ఎవలక్కా ఈమె? మీ అమ్మనా?" అని అడిగాడు జగదీశ్ మొదటిరోజు, రొట్టె తుంచుకుంటూ.

"మేనత్త" అన్నది వసంత.

"అనుకున్న. ఇద్దరు ఒక్క తీర్గనే ఉన్నరు."

గోపమ్మ అతని గిన్నెలో ఇంకో గరిటెడు పప్పు వేసింది.